వయలా, పెన్నా? సెలైనా, చర్మం కింద సూదా? బయోలాజిక్ మందుల ఎంపికలో విశాఖ ఇళ్లకు తగిన లెక్క

ఏ మందు వాడాలో డాక్టరుగారు తేలుస్తారు. అది ఏ రూపంలో కొనాలి, ఎక్కడ దాచాలి, ఎలా ఇంటికి తేవాలి అన్నవి మాత్రం ఎక్కువగా మెడికల్ షాపు కౌంటర్ దగ్గరే రెండు నిమిషాల్లో తేలిపోతుంటాయి. "వయల్ కావాలా, పెన్ను కావాలా అమ్మా?" అని అడిగితే, "ఏది చవకైతే అదే ఇచ్చెయ్యి బాబూ" అన్నది కౌంటర్ వెనక నిలబడి నేను ఎక్కువగా వినే జవాబు. వయల్ అంటే సిరంజితో మందు లాగే సీసా, పెన్ను అంటే డోసు తిప్పి నొక్కే ఇంజెక్షన్ పరికరం. మాత్రలకు ఆ జవాబు చాలు. ఇన్సులిన్, కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్, డయాలసిస్ వాళ్లకి రక్తం పట్టడానికిచ్చే ఎరిత్రోపోయిటిన్, రొమ్ము క్యాన్సర్‌కిచ్చే ట్రాస్టుజుమాబ్ లాంటి బయోలాజిక్ మందులకు అది చాలదు. వీటిలో ధర కంటే ముందు చూసుకోవాల్సినవి మీ ఫ్రిజ్, మీ వీధిలో కరెంటు, సూది వేసుకునే చేతి పట్టు, ఆసుపత్రికీ ఇంటికీ మధ్య దూరం. విశాఖలో అయితే వీటికి తోడు గాలిలో తేమ.

ఈ మందులన్నీ ప్రోటీన్లు. బ్యాక్టీరియాలోనో, ఈస్ట్‌లోనో, జంతు కణాల్లోనో పెంచి తీసినవి. ప్రోటీన్ గొలుసు తనదైన పద్ధతిలో ముడుచుకుని ఉన్నంతవరకే మందుగా పనిచేస్తుంది. వేడి తగిలినా, గడ్డకట్టినా, గట్టిగా ఊపినా ఆ ముడత విడిపోయి, అణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కడతాయి. విరిగిన పాలు మళ్లీ పాలు కానట్టే, ఆ మందు ఇక మందు కాదు. పాలు విరిగితే కంటికి తెలుస్తుంది. ఇక్కడ చాలాసార్లు తెలియదు. షుగర్ ఎందుకు తగ్గట్లేదో అర్థంకాక డోసు పెంచుకుంటూ పోయేవాళ్లలో కొందరి అసలు సమస్య ఫ్రిజ్‌లో ఉంటుంది.

తయారుచేసేవాళ్లు వాళ్ల జాగ్రత్త వాళ్లు తీసుకుంటారు. ఆమ్ల, క్షార గుణం మారకుండా బఫర్ లవణాలు కలుపుతారు. గాలి తగిలేచోటా గాజు గోడ దగ్గరా ప్రోటీన్ చెదరకుండా కొంచెం పాలీసార్బేట్ వేస్తారు. పొడి మందుల్లో కాపుదలకు చక్కెరలు, పలుమార్లు సూది గుచ్చే వయల్స్‌లో క్రిములు పెరగకుండా మెటాక్రెసాల్ లాంటివి ఉంటాయి. ఈ ఏర్పాటంతా 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంటుందన్న నమ్మకం మీద చేసినదే. షాపు గుమ్మం దాటాక ఆ నమ్మకం నిలబెట్టాల్సింది మనం.

గది ఉష్ణోగ్రత అంటే ఎవరి గది?

"గది ఉష్ణోగ్రతలో ఉంచవచ్చు" అని మందు కాగితంలో చదివి చాలామంది నిశ్చింతగా ఉంటారు. పక్కనే చిన్న అక్షరాల్లో 25 డిగ్రీలు మించకూడదనో, 30 డిగ్రీలు మించకూడదనో రాసి ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఊళ్లో ఏసీ లేని గది పగటిపూట 30 లోపు ఉండడం అరుదు. 25 కావాలంటే డిసెంబరు, జనవరి రాత్రుల కోసం ఆగాలి. కాబట్టి ఆ మాటను విశాఖలో "ఏసీ గదిలో ఉంచవచ్చు" అని చదువుకోవడం మేలు.

ఫ్రిజ్ లేనివాళ్లకు అందరూ చెప్పే సలహా మట్టికుండ. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, అందులో ఇన్సులిన్. ఊరూవాడా ఒకేలా చెప్పే ఈ సలహాతో నాకు పేచీ ఉంది. కుండ చల్లబడేది నీరు ఆవిరవడం వల్ల. గాలి పొడిగా ఉంటే నీరు గబగబా ఆవిరవుతుంది, తేమగా ఉంటే కాదు. అనంతపురంలో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఆవిరి పద్ధతిలో చల్లబరచగల హద్దు సుమారు 23 డిగ్రీలు. విశాఖలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఆ హద్దు 30 దగ్గరే ఆగిపోతుంది. పైగా అది హద్దు మాత్రమే, కుండ లోపల అంతదాకా కూడా దిగదు. ఉక్కపోతలో మన చెమట ఆరకపోవడానికీ కారణం ఇదే. రాయలసీమ బంధువులకు చక్కగా పనిచేసిన కుండ బీచ్ రోడ్డు పక్క ఇంట్లో మొండికేస్తే తప్పు కుండది కాదు.

నీళ్లలో నానబెట్టి వాడే కూలింగ్ పౌచ్‌లు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. ఆన్‌లైన్‌లో బాగా అమ్ముతున్నారు. మేలో కర్నూలు పెళ్లికి వెళ్తుంటే కొనండి. మన ఊళ్లోనే వాడటానికైతే డబ్బు దండగ.

ఫ్రిజ్ లేని ఇంటికి నా సలహా వేరు. నెలకు సరిపడా ఒకేసారి కొని దాచకండి. నమ్మకమైన షాపులో ఒక్కొక్కటే తెచ్చుకోండి. తెచ్చినదాన్ని వెడల్పు మూతి ఉన్న ఫ్లాస్కులోనో, మందపాటి థర్మాకోల్ డబ్బాలోనో, గుడ్డలో చుట్టిన చల్లని జెల్ ప్యాక్‌తో పాటు ఉంచండి. ఆ జెల్ ప్యాక్ ఫ్రీజర్ నుంచి తీసింది తీసినట్టు పెట్టకూడదు. టీకాల పెట్టె సర్దే ఏఎన్ఎమ్‌లను చూడండి. ఐస్ ప్యాక్‌ని కాసేపు బయట ఉంచి, కదిపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చాకే సర్దుతారు. అప్పటికి దాని పైభాగం సున్నాకి దిగువన ఉండదు, పక్కనున్న సీసా గడ్డకట్టదు. దళసరి జెల్ ప్యాక్‌లో చప్పుడు రాకపోవచ్చు. వేలితో నొక్కితే మెత్తగా దిగే దాకా ఆగండి.

ఫ్రిజ్ ఉంటే చాలదు, ఏ అరలో?

వేడి గురించి అందరికీ టెన్షన్. గడ్డకట్టడం గురించి ఎవరికీ లేదు. నిజానికి ఇన్సులిన్ 32 డిగ్రీల్లో ఒక పూట ఉంటే బలం కొద్దిగా మాత్రమే తగ్గుతుంది. ఒక్కసారి గడ్డకడితే మాత్రం ఇక పారేయడమే. కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా సరే.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కిందనే ఉండే ట్రే అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. "బాగా చల్లగా ఉంటుందని" సరిగ్గా అక్కడే పెడతారు. డబుల్ డోర్‌లో వెనక గోడకి ఉన్న చల్లగాలి రంధ్రాల ఎదుట పెట్టకూడదు. మధ్య అరలో, గోడకి తగలకుండా, అట్టపెట్టెతో సహా ఒక మూతడబ్బాలో ఉంచడం ఉత్తమం. తలుపు అరలో పెడితే తెరిచినప్పుడల్లా వేడిగాలి తగులుతుంది. అయినా ఫ్రీజర్ కింది చిల్లర్ ట్రే, తలుపు అర రెండే ఖాళీగా ఉంటే నేను తలుపునే ఎంచుకుంటాను. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి మందు పక్కన పడేయండి. ఖరీదైన ఇంజెక్షన్ వాడే ఇంట్లో అది లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ ఊహలే.

తుపాన్ల ఊళ్లో ఉంటున్నాం కాబట్టి కరెంటు సంగతి కూడా అనుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊళ్లో చాలా వీధులకు రోజుల తరబడి కరెంటు లేదు. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుంది. తుపాను కబురు రాగానే నీళ్ల సీసాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టుకోండి. కరెంటు పోయాక వాటిని పైఅరలోకి మార్చండి, మందుకు మాత్రం ఆనించకండి. కరెంటు తిరిగొచ్చాక చాలామంది చేసే పని, త్వరగా చల్లబడాలని నాబ్‌ని చివరికంటా తిప్పడం. వేడికి తట్టుకున్న మందు కాస్తా ఆ రాత్రి గడ్డకడుతుంది.

కరెంటు లేక ఫ్రిజ్ చల్లదనం పోయినంత మాత్రాన తెరవని ఇన్సులిన్ అంతా పారేయాల్సిన పని లేదు. 30 డిగ్రీలు దాటకపోతే ఆ తేదీ పెట్టె మీద రాసి, అప్పటినుంచి తెరిచిన దానికిచ్చే గడువులోపే, మామూలుగా 28 రోజుల్లో, వాడేయండి. 30 దాటి రోజంతా ఉండిపోతే షాపులో అడగండి. అనుమానం తీరకపోతే కొత్తది కొనడమే క్షేమం.

ఇన్సులిన్: వయలా, పెన్నా?

ఇక్కడ లెక్క వేస్తే చాలామంది అనుకునేదానికి వేరుగా తేలుతుంది.

మన దగ్గర మామూలు హ్యూమన్ ఇన్సులిన్ వయల్ 10 మి.లీ. ఉంటుంది. మి.లీ.కి 40 యూనిట్ల చొప్పున మొత్తం 400. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ 3 మి.లీ., మి.లీ.కి 100 చొప్పున 300 యూనిట్లు. తెరిచాక చాలా రకాలకు గడువు నాలుగు వారాలు. కొన్నింటికి ఆరు. డెగ్లూడెక్ అనే ఇన్సులిన్ పెన్నుకు ఎనిమిది.

రాత్రిపూట 10 యూనిట్లు మాత్రమే వేసుకునేవారిని తీసుకుందాం. వయల్ అయితే 28 రోజుల్లో 280 అవుతాయి, 120 యూనిట్లు పారేయాలి. పారేయరు, వాడేస్తారు. చిక్కంతా అక్కడే. పెన్నుతో ప్రతిసారీ గాలి తీయడానికి పోయే 2 యూనిట్లు కలిపి రోజుకి 12. కార్ట్రిడ్జ్ సరిగ్గా 25 రోజుల్లో అయిపోతుంది, గడువు గొడవే రాదు. తక్కువ డోసు వాళ్లకి పెన్ను నప్పుతుంది అనడానికి ఇదొక్కటే చాలు.

రోజుకి రెండు పూటలా కలిపి 40 యూనిట్లు వేసుకునేవారికి లెక్క తిరగబడుతుంది. వయల్ పది రోజులు వస్తుంది, నెలకి మూడు. పెన్నుతో గాలి తీసే నష్టంతో కలిపి రోజుకి 44, నెలకి 1,320 యూనిట్లు, అంటే ఐదు కార్ట్రిడ్జులు. పెన్ను సూదుల ఖర్చు దానికి అదనం. చూపు బాగుండి, చెయ్యి వణకకుండా, ఇంట్లో వేసేవాళ్లు ఉంటే వయల్ ఇక్కడ నిజంగానే పొదుపు. రెగ్యులర్ (త్వరగా పనిచేసేది), ఎన్‌పీహెచ్ (నెమ్మదిగా పనిచేసేది) రెండూ రాసినప్పుడు వయల్స్ నుంచి ఒకే సిరంజిలోకి తీసుకుని ఒక్క పోటుతో పని ముగించవచ్చు కూడా.

వయల్‌కి ఇంకో సదుపాయం ఉంది, మన ఎండలకి పనికొచ్చేది. వాడుతున్న వయల్‌ని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పెన్నుల్లో కొన్నింటి కాగితాల్లో వాడటం మొదలుపెట్టాక ఫ్రిజ్‌లో పెట్టవద్దని ఉంటుంది, కొన్నింటికి పెట్టవచ్చని ఉంటుంది. మీ ఇంట్లో ఏసీ లేకపోతే పెన్ను కొనేముందే ఈ ఒక్క వాక్యం వెతికి చదవండి. ఫ్రిజ్‌లో పెట్టే ఏ పెన్నుకైనా సూది తీసేసి పెట్టాలి. లేకపోతే చల్లబడి కుంచించుకున్నప్పుడు గాలి లోపలికి పోతుంది, బుడగలు చేరతాయి.

వయల్‌తో ఉన్న అసలు ప్రమాదం సిరంజి. ఎర్ర మూత సిరంజి 40 బలానికి (మి.లీ.కి 40 యూనిట్లు), నారింజ మూతది 100 బలానికి. 100 బలం ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో గీతలు చూసి లాగితే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర రెట్లు. అర్ధరాత్రి షుగర్ పడిపోయి కేజీహెచ్ ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిన పరిస్థితి. వయల్ అంటే 40 బలమేనని కూడా అనుకోకండి, రోజంతా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్ వయల్స్ 100 బలంలోనూ దొరుకుతాయి. సీసా మీద అంకె చదివి, దానికి తగిన మూత రంగు సిరంజి కొనండి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్ లోంచి సిరంజితో లాగడం ఈ పొరపాటుకి రాచబాట. వయల్ నుంచి పెన్నుకి మారినప్పుడు "బలం పెరిగింది కదా, యూనిట్లు తగ్గించాలా?" అని అడుగుతుంటారు. యూనిట్ ఎందులో ఉన్నా యూనిట్టే. ఇరవై రాస్తే ఇరవయ్యే.

పిల్లలు అమెరికాలో, అమ్మానాన్న ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ఇద్దరే ఉన్న ఇళ్లకి నేను రెండో మాట లేకుండా పెన్నే చెబుతాను. టిక్కు టిక్కుమని చప్పుడు వింటూ డోసు తిప్పవచ్చు, 4 మి.మీ. సూది చాలు, మడత పట్టుకోవాల్సిన పని కూడా చాలామందికి ఉండదు. అందులో మళ్లీ వాడి పారేసే పెన్నా, కార్ట్రిడ్జ్ మార్చే పెన్నా అంటే, చేతివేళ్లు సరిగ్గా వంగని పెద్దవాళ్లకు పారేసేదే సుఖం. మార్చుకునే రకం కొంటే ఒక కంపెనీ పెన్నులో ఇంకో కంపెనీ కార్ట్రిడ్జ్ పట్టకపోవచ్చని గుర్తుంచుకోండి. మీ షాపులో ఆ కార్ట్రిడ్జ్ ఎప్పుడూ ఉంటుందో లేదో అడిగాకే పెన్ను తీసుకోండి.

పాలలా తెల్లగా ఉండే మిక్స్ ఇన్సులిన్‌ని ఏ రూపంలో కొన్నా అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు పైకీ కిందకీ తిప్పి వేసుకోవాలి. ఊపకూడదు. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉంటుంది, ఉండాలి కూడా. దాన్ని ఆమ్ల ద్రవంలో కరిగించి ఉంచుతారు. చర్మం కిందికి వెళ్లి ఆమ్లగుణం తగ్గగానే సన్నని రేణువులుగా మారి, రోజంతా నెమ్మదిగా కరుగుతుంది. అందుకే ఇంకే ఇన్సులిన్‌తోనూ ఒకే సిరంజిలో కలపకూడదు. ఖరీదు గురించి భయపడేవారికి ఒక కబురు: 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో గ్లార్జిన్ కూడా చేరింది.

కీళ్లవాతం ఇంజెక్షన్: ప్రీఫిల్డ్ (ముందే మందు నింపిన) సిరంజా, ఆటో పెన్నా?

అడాలిముమాబ్ రెండు వారాలకోసారి. ఆటో పెన్నులో సూది కనబడదు. తొడకి ఆనించి బటన్ నొక్కి, కిటికీలో రంగు పూర్తిగా మారేదాకా అలాగే పట్టుకుంటే చాలు. వేళ్లు వాచిపోయి సోడా మూత కూడా తీయలేనివారికి, సూది చూస్తే కళ్లు తిరిగేవారికి ఇది వరం. కానీ మందు దిగే వేగం మన చేతిలో ఉండదు. ప్రీఫిల్డ్ సిరంజిలో ఉంటుంది. మంట పుడితే కాసేపు ఆగి మళ్లీ నెమ్మదిగా నెట్టవచ్చు. ఇంట్లో వేసేవాళ్లుంటే సిరంజి, ఒంటరిగా వేసుకోవాలంటే పెన్ను అని నేనంటాను.

అంతకన్నా ముఖ్యమైన తేడా పెట్టె మీద రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. పాత రకంలో 40 మి.గ్రా. మందు 0.8 మి.లీ. ద్రవంలో ఉండేది, సిట్రేట్ బఫర్‌తో. ఆ సిట్రేటే మంటకి పెద్ద కారణం. తర్వాత వచ్చిన చిక్కని రకంలో అదే 40 మి.గ్రా. 0.4 మి.లీ.లోనే ఉంటుంది, సిట్రేట్ ఉండదు. మంట భరించలేక ఇంజెక్షన్ ఎగ్గొట్టేవాళ్లు డాక్టరుతో మందు మార్చమని మాట్లాడే ముందు, వాడుతున్నది ఏ రకమో చూసుకోవాలి. వేసుకునే ముందు ఫ్రిజ్ నుంచి తీసి పావుగంట నుంచి అరగంట అలా ఉంచితే మంట ఇంకొంత తగ్గుతుంది. వేడినీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం వద్దు.

అడాలిముమాబ్ అసలు బ్రాండు హ్యూమిరా కాగితం ప్రకారం ఇది 25 డిగ్రీలు మించకుండా 14 రోజులు ఫ్రిజ్ బయట ఉండగలదు. 25 గురించి పైన చెప్పాను కదా. మన ఊళ్లో దీన్ని ఫ్రిజ్ తప్ప దారి లేని మందుగానే లెక్కపెట్టుకోండి. ఏ రూపం ఎంచుకున్నా మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పదు.

డయాలసిస్ వాళ్లకి: ఎన్నిసార్లు మోయాలి?

ఉద్దానం వైపు నుంచి వైద్యానికి విశాఖ వచ్చే కిడ్నీ రోగుల కుటుంబాలకు ఎరిత్రోపోయిటిన్ కొత్త కాదు. వారానికి రెండు మూడు సార్లు పడుతుంది. షాపులో కొని, ఐస్ ముక్కల సంచిలో వేసుకుని బస్సెక్కుతారు. ఆ సంచిలోనే మందు గడ్డకడుతుంది, బస్సు కుదుపులు దానికి తోడు. ఈ ప్రోటీన్‌కి గట్టి కుదుపు పడదు, పెట్టె మీదే ఊపవద్దని ఉంటుంది.

వయలా ప్రీఫిల్డ్ సిరంజా అన్నదానికన్నా ఇక్కడ అసలు ప్రశ్న వేరు. అదే పని చేసే డార్బెపోయిటిన్ ఒంట్లో సుమారు మూడు రెట్లు ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి వారానికోసారి, రెండు వారాలకోసారి ఇస్తారు. నెలకి పన్నెండు ప్రయాణాల మందు రెండు నుంచి నాలుగు ప్రయాణాలకి తగ్గుతుంది. ఇంజెక్షన్ ధర పక్కన ఇంజెక్షన్ ధర పెట్టి చూస్తే ఖరీదుగానే కనిపిస్తుంది, నెల మొత్తం లెక్క వేసి డాక్టరుతో మాట్లాడండి. డయాలసిస్ సెంటర్‌లోనే మందు ఉంచి ఇచ్చే ఏర్పాటు ఉంటే మోసుకెళ్లే బాధే లేదు. అది దొరికినచోట ఇక వేరే ఆలోచన అక్కర్లేదు.

పక్కదారి మాట ఒకటి. 1998లో ఐరోపాలో ఒక ఎరిత్రోపోయిటిన్ మందులోంచి ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) తీసేసి పాలీసార్బేట్ 80 వేశారు. అసలు మందు మారలేదు, కలిపిన పదార్థమే మారింది. తర్వాతి ఏళ్లలో చర్మం కింద వేసుకున్న కొందరు రోగుల ఒళ్లు ఎరిత్రోపోయిటిన్ మీదే ఎదురుతిరిగి, ఎర్ర రక్తకణాల తయారీయే ఆగిపోయింది. రబ్బరు బిరడా నుంచి పదార్థాలు ఊరాయన్నది చర్చకొచ్చిన కారణాల్లో ఒకటి. బిరడాలకు పూత వేసి, వేసే పద్ధతి మార్చాక కేసులు బాగా తగ్గాయి. "మందు అదేగా, సీసా ఏదైతేనేం" అనేవాళ్లకి నేను ఈ కథ చెబుతుంటాను.

క్యాన్సర్ మందు: సెలైన్‌లోనా, చర్మం కిందా?

ట్రాస్టుజుమాబ్ నరంలోకి ఎక్కిస్తే మొదటిసారి 90 నిమిషాలు, తర్వాత 30 నిమిషాలు. చర్మం కింద ఇచ్చే రకం 5 మి.లీ.లో 600 మి.గ్రా. ఉంటుంది, రెండు నుంచి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అంత ద్రవం చర్మం కింద పట్టడానికి కాసేపు దారి ఇచ్చే హయలురోనిడేజ్ ఎంజైమ్ కలుపుతారు. నరాలు దొరకనివారికి, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి దూరం ఊళ్ల నుంచి వచ్చి అదే రోజు తిరిగి వెళ్లాల్సినవారికి ఇది పెద్ద ఊరట. కీమో కూడా అదే రోజు నరంలోకి ఎక్కాల్సి ఉంటే ఎలాగూ సెలైన్ పెడతారు కాబట్టి ఆ లాభం చాలావరకు పోతుంది. కీమో అయిపోయి ఒక్క ట్రాస్టుజుమాబే మిగిలిన నెలల్లో చర్మం కింద రకానికి అర్థం ఉంది.

డబ్బు వైపు నుంచి నరంలోకి ఇచ్చేదే మొగ్గుతుంది, ఎందుకంటే మన దేశపు బయోసిమిలర్ల (అసలు బ్రాండుకి దగ్గరగా వేరే కంపెనీలు చేసే మందుల) మధ్య పోటీ అక్కడుంది. బరువుని బట్టి డోసు: మూడు వారాల పద్ధతిలో మొదట కిలోకి 8 మి.గ్రా., తర్వాత 6. యాభై కిలోల ఆవిడకి తర్వాతి డోసు 300. 440 మి.గ్రా. వయల్ కొంటే 140 మిగులుతుంది. ఆ వయల్‌తో వచ్చే క్రిమినిరోధక నీటితో కలిపితే 2 నుంచి 8 డిగ్రీల్లో 28 రోజులు నిల్వ ఉంటుంది, తర్వాతి డోసు 21 రోజులకే. మిగిలినదాన్ని పేరు రాసి ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంచి తర్వాతి డోసుకి వాడతారా అని అడగండి. వాడకపోతే 150 మి.గ్రా. వయల్స్ రెండు కొనడం నయం. ఇంటికి తెచ్చి దాచడం మాత్రం వద్దు.

600 చూసి "300 చాలు కదా, రెట్టింపు ఎందుకు?" అని కంగారు పడకండి. దారి వేరు, కొలత వేరు. ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు. ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్, ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అని తోక ఉన్నవి పూర్తిగా వేరే మందులు. పేరు చివరిదాకా చదివి, ప్రిస్క్రిప్షన్‌తో సరిచూసుకుని తీసుకోండి.

బయోసిమిలర్, పొడి మందు

బయోసిమిలర్ల గురించి నాకు పెద్ద మీమాంస లేదు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల రిటుక్సిమాబ్ 2007లోనే వచ్చింది. దేశంలో వీటికి ప్రత్యేక మార్గదర్శకాలు 2012లో వచ్చి 2016లో సవరించబడ్డాయి. అసలు బ్రాండు కొనలేక రెండు డోసులు ఎగ్గొట్టడం కంటే బయోసిమిలర్ క్రమం తప్పకుండా వాడటం ఎన్నో రెట్లు మేలు. కాకపోతే నెలకో బ్రాండు మార్చకండి, బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి.

పొడి రూపం ఎందుకు ఉంటుందో పాముకాటు విరుగుడు చూస్తే తెలుస్తుంది. ద్రవ రూపానికి ఫ్రిజ్ తప్పదు, పొడి మాత్రం ఎండ తగలని చల్లని గదిలో నిలుస్తుంది. కరెంటు నిలకడ లేని పాడేరు, చింతపల్లి వైపు అది ప్రాణాధారం. ఇంట్లో కీళ్లవాతానికి వాడే ఎటానర్‌సెప్ట్ లాంటివాటికి పొడి, ద్రవం రెండూ దొరికితే ద్రవ సిరంజి తీసుకోండి. పొడి కలిపేటప్పుడు అందరూ చేసే పని ఊపడం, నురగ తెప్పించడం.

కొనడం, మోయడం

ఆన్‌లైన్‌లో రాయితీ బాగుంటుంది. ఇన్సులిన్‌కైతే, ఉదయం ఆర్డరిస్తే సాయంత్రానికి చల్లని డబ్బాలో వచ్చే ఏర్పాటుంటే అభ్యంతరం లేదు. రెండు మూడు రోజులు గోదాముల్లో తిరిగి వచ్చేదానికి నేను ఒప్పుకోను. డబ్బా తెరిచినప్పుడు జెల్ ప్యాక్ వేడెక్కి ఉన్నా, రాయిలా గడ్డకట్టి మందుకు ఆనుకుని ఉన్నా వెనక్కి పంపండి. షాపులో కొంటే జనరేటరో ఇన్వర్టరో ఉందా, ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందా అని అడగండి. మంచి షాపువాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. జగదాంబలో పనులన్నీ ముగించుకుని చివర్లో మందు కొనండి. స్కూటర్ సీటు కింద డిక్కీలో పెట్టకండి, కింద ఇంజను ఉంటుంది. బీచ్ దగ్గర ఎండలో ఆపిన కారులో అసలే వద్దు.

రాత్రి రైల్లో హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఏసీ బోగీ అయితే వాడుతున్న పెన్ను చేతిసంచిలో మామూలుగా ఉంచుకోవచ్చు. స్లీపర్‌లో అయితే ఫ్లాస్కు కావాలి, సీటు కింద ఇనుప పెట్టెలో పడేయకూడదు. విమానంలో మందు చెక్-ఇన్ సామాన్లో వేయకండి, అక్కడ చలికి గడ్డకట్టవచ్చు, సామాను తప్పిపోనూ వచ్చు. ప్రిస్క్రిప్షన్ కాపీతో పాటు చేతిసంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర ఇన్సులిన్‌నీ సూదులనీ అనుమతిస్తారు, జెల్ ప్యాక్ ఉంటే ముందే చెప్పండి.